హార్నెస్‌కు అత్త వేసిన కుట్లు

అరవై దాటాక అక్షరాలు నేర్చిన చెయ్యి నాది, నెమ్మదిగా నడుస్తుంది. గుణింతం తప్పిన చోట మన్నించి చదువుకోండి.

ఆ పొద్దున్న కోడలు పది గంటలకున్న పరీక్షకు తయారవుతోంది. ఎగిరే హెలికాప్టర్‌లో, తెరిచిన తలుపు దగ్గర నిలబడి, కింద ఉన్న మనిషిని తాడుతో పైకి తేవాలి. నెగ్గితే రక్షణ దళంలో ఉద్యోగం ఖాయం. తప్పితే మళ్లీ ఏడాదికి గానీ పరీక్ష లేదు. పడిపోకుండా ఒంటికి బిగించుకునే పట్టీల హార్నెస్‌ను ముందురోజే సంచీలో పెట్టి ఇచ్చారు. ఆమె ఇంకా విప్పనైనా లేదు.

కోడలు స్నానానికి వెళ్లగానే అత్త సంచీ విప్పింది. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన కన్ను ఊరుకుంటుందా! నడుము పట్టీ దగ్గర ఒక మడత కుట్లు తెగి, నాలుగు వేళ్లంత సాగి వేలాడుతోంది.

"పరీక్షకెళ్లే పిల్ల చిరిగింది తొడుక్కోవడమేంటి, నా పరువు పోదూ!" అనుకుని, మడత సరిచేసి, మిషను మీద రెండు వరసలు బిగించి, ఏమీ ఎరగనట్టు సంచీలో పెట్టేసింది.

హెలికాప్టర్ ఎక్కేముందు కోడలు పట్టీలన్నీ వేళ్లతో తడిమింది. నడుము దగ్గర చెయ్యి ఆగింది. కొత్త దారం. తన జాకెట్లన్నిటికీ ఉన్న కుట్టే!

"సార్, దీన్ని బయటెక్కడో కుట్టారు, బరువు ఆగుతుందో లేదో. ఇది వేసుకుని ఎక్కను."

"నాలుగు కుట్లకే జడుసుకుంటే ఎలాగమ్మా? ఎక్కుతావా, పరీక్ష పోగొట్టుకుంటావా?" అని గద్దించాడు పరీక్షాధికారి.

"పోతే పోనివ్వండి సార్." హార్నెస్‌ను కింద పెట్టేసింది. పక్కకెళ్లి ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, హార్నెస్ మీరు కుట్టారా?"

"కుట్టానమ్మా. బాగా కుదిరిందా?"

"కొంప ముంచారు!"

అంతే. తన కుట్లు తానే విప్పుదామని అత్త పెద్ద కత్తెర పట్టుకుని బయల్దేరింది. హెలికాప్టర్ మైదానం గేటు దగ్గర కాపలావాళ్లు ఆపారు.

"హెలికాప్టర్ ఆపండి నాయనా! ఎగిరితే పడిపోతారు!" అని కత్తెర ఊపుతూ అరిచింది. గేట్లు మూసేశారు. సైరన్ మోగింది. అగ్నిమాపక బండి వచ్చింది. అధికారి పరుగెత్తుకొచ్చాడు.

"ఆవిడ మా అత్తగారండీ," అంది కోడలు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"అసలు ఎందుకు కుట్టారమ్మా?" అన్నాడు అధికారి.

"మడత ఊడి ఇంత సాగితే కుట్టరా మరి?" అని నాలుగు వేళ్లు చూపించింది అత్త.

అధికారి ముఖం పాలిపోయింది. మనిషి బరువు ఒక్కసారిగా పడితే ఊడేలాగే ఆ మడత కుడతారు; ఊడిందంటే ఆ పట్టీ అప్పటికే ఒక మనిషిని పడిపోకుండా ఆపిందని గుర్తు. ఇక దాన్ని ముక్కలు చేసి పారెయ్యాలి. రిజిస్టరు తెరిస్తే ఆఖరున వాడింది ఆయనే! పోయిన వారం కాలు జారి, దానికి వేలాడి, నామోషీకి ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు ఎక్కి ఉంటే..." అని కోడలి వైపు తిరిగి, రిజిస్టరు మూసేశాడు. "నేను గద్దించినా ఎక్కలేదు చూడు, అసలు పరీక్ష అదే. మిగతాది మధ్యాహ్నం, కొత్త హార్నెస్‌తో."

మధ్యాహ్నం కోడలు నెగ్గింది. ఈలోగా కాపలావాళ్లు కత్తెర తిరిగిచ్చి, పాత హార్నెస్‌ను అత్త చేతే ముక్కలు చేయించారు. పట్టీలన్నీ తెగాయి గానీ, అత్త వేసిన కుట్లు మాత్రం ఊడలేదు.

— పై కథలో అత్త, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది కొడుకూ కోడలి ఇంట్లో, కుట్టు మిషను ఉన్న గదిలో.