కడక్ రొట్టెకు సుంకం లేదు

సుంకం మహాపాపం! దేశాల మధ్య సరుకులు గాలిలాగా తిరగాలి. అడ్డం పెట్టినవాళ్ళు బాగుపడరు. ఈ మాట అంటున్నది పెద్ద ప్రొఫెసర్ కాదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి, గద్వాలలో కాపురం చేసుకుంటూ, బిడ్డ తుమ్మితే దవాఖానకు పరుగెత్తే ఒక తల్లి. నా చేతి జొన్నరొట్టెను దుబాయిలో కొంటామన్న రోజు నుంచి ఈ విషయంలో నాకు ఎదురులేదు.

టీవీలో టై కట్టుకున్నవాళ్ళు సుంకాల మీద అరుచుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఒకసారి మా వంటింట్లోకి వచ్చి చూడమనండి! ఊరి చుట్టూ పల్లీ చేన్లు, మా కడాయిలో కాగేది మాత్రం మలేషియా నూనె. కందిపప్పు ఆఫ్రికాది. మా సుష్మకు లెక్కలు రావాలని నానబెట్టి, పొట్టు తీసి తినిపించే బాదం అమెరికాది. అంటే నా బిడ్డ మెదడులో సగం అమెరికా సరుకే! ఏడు తర్వాత తొమ్మిది రాస్తున్నదంటే, అది మిగతా సగం చేసే పని. ఆ సగం స్వదేశీ. నా వాటా.

ఇంతకూ ఆర్థిక శాస్త్రం అంటే ఏమిటి? ఎవరికి ఏది బాగా వస్తే వాళ్ళు అది చేయాలి, మిగతాది ఇచ్చిపుచ్చుకోవాలి. అంతే! దీనికి కాలేజీ ఎందుకు? మా పక్కింటి గోడ చాలు. గోడకు అవతల జాహెదా ఉంటుంది. ఆమె మిషన్ ముందు కూర్చుంటే గౌను దానంతట అదే తయారవుతుంది. నేను కుడితే గౌనుకు మూడు చేతులొస్తాయి. నాకు వచ్చిందల్లా కడక్ జొన్నరొట్టె. పలచగా తట్టి, అప్పడంలా పెళపెళమనేదాకా కాల్చి ఆరబెడితే నెలైనా చెడదు. అందుకని నా రొట్టెలు గోడ దాటి అటు పోతాయి, సుష్మ గౌన్లు గోడ దాటి ఇటొస్తాయి. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు.

ఇందులో నీతి కూడా ఉందండోయ్! ఇచ్చిపుచ్చుకునేవాళ్ళ మధ్య యుద్ధాలు రావు. కుళాయి దగ్గర బిందె ముందు పెట్టిందెవరని మా ఇద్దరికీ ఎన్నిసార్లు మాట పెరగబోయిందో! కానీ సగం కుట్టిన గౌను ఆమె చేతిలో ఉండగా ఎవరైనా నోరు పారేసుకుంటారా?

దాచడమెందుకు, ఒకసారి నేనూ సుంకం వేశాను. సుష్మ కంచం ముందు మూతి తిప్పి, "జాహెదా ఆంటీ పప్పు మంచిగుంటదమ్మా. నీది సప్పగుంటది" అన్నది. ఆ పూటే సరిహద్దు మూసేశాను! పరాయి ఇంట్లో తింటే కడుపు నొస్తుందని అప్పటికప్పుడు చట్టం చేశాను.

జాహెదా గోడ మీద నుంచి తల ఎత్తింది. "ఏందక్కా, పిల్లను తోలుతలేవు? నా పప్పుల మందు గిట్ల పెట్టిన్నా ఏంది?"

"మందు కాదే, ఉప్పు పెట్టినవ్. గదే నా పరేషాన్."

మర్నాడే సరిహద్దు తెరిచి పప్పులో ఉప్పు పెంచాను. పోటీ ఉంటేనే నాణ్యత!

అంతలో జాహెదా తమ్ముడు తౌసీఫ్ దుబాయికి పోతూ నా రొట్టెల కట్ట ఒకటి తీసుకుపోయాడు. అక్కడ మనవాళ్ళు సామాను కొనే దుకాణంలో యజమాని ఒక ముక్క కరకరా నమిలి, ప్రతి నెలా కావాలన్నాడట. నేను చూసిన దూరదేశం కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల. అది కూడా పడవలో కళ్ళు మూసుకుని చూశాను. నా రొట్టె సముద్రమే దాటింది! ఇక కవరు మీద నా పేరు అచ్చవ్వాలి. జీవితంలో అదొక్కటే అడిగాను.

దానికి దుకాణం యజమాని పెట్టింది ఒక్కటే షరతు. వనపర్తిలో రెండు రోజుల ప్యాకింగ్ శిక్షణ. ఎవరు కూర్చుని నేర్చుకుంటే ఆర్డర్ వాళ్ళది, కవరు మీద పేరూ వాళ్ళదే.

ఇప్పుడు మా ఇంటి గొప్పతనం వినండి. వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు!

"పో బిడ్డా, నేనేమన్న అడ్డమొస్తనా?" అన్నది మా అత్త తిరుపతమ్మ. "జర రెండొద్దుల కూర వండిపెట్టి పో. పొయ్యికాడ నిలవడితె నా మోకాళ్ళు లేస్తలేవు."

"పోవే, ఎవలొద్దన్నరు?" అన్నాడు మా ఆయన మల్లికార్జున్. "పిల్లను గూడ తోల్కపో. నువ్వు లేకుంటె ఏడుస్తది, నాతోని ఆగుతదా?"

శిక్షణవాళ్ళకు ఫోన్ చేశాను. "తప్పకుండ రా అమ్మా. పిల్లలను మాత్రం తేవద్దు" అన్నారు.

సుష్మ కూడా పెద్దమనసుతో ఒప్పుకుంది. "పోమ్మా. మరి నా జడెవరేస్తరు?"

చూశారా? సుంకం సున్నా!

"నేను జూస్త తియ్యక్కా సుష్మను, నువ్వు పో" అన్నది జాహెదా. ఆ మాట పట్టుకుని బస్సెక్కే తల్లులు వేరే ఉంటారు. ప్రయాణానికి ముందురోజే నాకు పిల్ల ఒళ్ళు వెచ్చగా అనిపించింది. థర్మామీటర్ పెట్టాను. జ్వరం లేదు. మళ్ళీ పెట్టాను. లేదు. థర్మామీటరే పాడైందనుకున్నాను!

పొద్దున సంచి సర్ది ఉంది, చెప్పులు వేసుకుని ఉన్నాను, పిల్ల వాకిట్లో గంతులేస్తున్నది. నేను గడప దగ్గర నిలబడే ఉన్నాను. బస్సు వేళవుతున్నదని పిలవడానికి వచ్చిన జాహెదా నా మొహం చూసింది.

"ఆర్డర్ ఇంకోలకు పోతదక్కా. నేను పోయొస్త" అని మిషన్ మీద గుడ్డ కప్పి బయలుదేరింది.

"మంచిగైంది" అన్నాడు మా ఆయన. "ఎవలకు ఏది మంచిగొస్తె గది జెయ్యాలని నువ్వే అంటివి గద!"

అంటే, నాకు అన్నిటికంటే బాగా వచ్చేది ఇంట్లో ఉండడం అన్నమాట. సిద్ధాంతం నాది, ఏమని కొట్లాడను?

వనపర్తి నుంచి వచ్చి జాహెదా కవరు నా చేతిలో పెట్టింది. దాని మీద అందంగా ఆమె పేరు. "నీ పేరే పెట్టమన్న అక్కా. రాని మనిషి పేరు పెట్టరంట" అని తల దించుకుంది. పాపం, ఆమె తప్పేముంది? అత్త తప్పా? ఆయన తప్పా? అందరూ పొమ్మన్నవాళ్ళే!

కాబట్టి ప్రపంచ దేశాల్లారా, గేట్లన్నీ తెరవండి! మా ఇంటి గేటుకైతే తాళమే లేదు. ఎవరూ వేయలేదు. వేసి ఉంటే ఎంత బాగుండేది! పగలగొట్టడానికి ఏదో ఒకటి కనబడేది.