ఏజెంట్ నలభై రెండుకు ఐదు మార్కులు

ఫోనులో అరిచే కస్టమర్లు లేకపోతే సంసారాలు కూలిపోతాయి. ఇది నా సిద్ధాంతం. నవ్వకండి, రుజువు మా ఇంట్లోనే ఉంది!

మా వదిన కాల్ సెంటర్‌లో పనిచేస్తుంది. ముప్పై కంపెనీల వస్తువుల మీద ఫిర్యాదులన్నీ అక్కడికే వస్తాయి. రోజుకు ఎనభై మంది ఆవిడను తిడతారు. అంతా ఉచిత శిక్షణే! యోగా క్లాసులో ఎన్నేళ్ళు కూర్చుంటే ఇంత ఓపిక వస్తుంది చెప్పండి? ఇప్పుడు ఇంట్లో మేం ఎంత చిర్రుబుర్రులాడినా ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

గ్రైండర్‌లో చెంచా వేసి తిప్పిన మహానుభావుడు, చెంచా ఎందుకు వంగిందని నిలదీస్తాడు. ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టినా గది చల్లబడటం లేదని ఒకావిడ విరుచుకుపడుతుంది. రిమోట్ పనిచేయడం లేదని అరగంట చెడామడా తిట్టిన పెద్దాయన చేతిలో ఉన్నది కళ్ళజోడు డబ్బా. అందరికీ వదినే క్షమాపణ చెబుతుంది. చెంచాకు కూడా చెప్పిందేమో అడగాలి.

ఆవిడ ముందు చిన్న అద్దం ఉంటుంది. మాట్లాడుతున్నంతసేపూ మొహాన నవ్వు ఉందో లేదో చూసుకోవాలి. నవ్వు గొంతులో వినిపిస్తుందట! కాల్ అయ్యాక కస్టమరు ఒకటి నుంచి ఐదు దాకా మార్కు నొక్కుతాడు. నెలలో మూడుసార్లు ఒకటి పడితే ఉద్యోగం ఊడినట్టే. పోయిన నెలలో వదినకు అలాంటి ఒకట్లు రెండు పడ్డాయి. ఆ ఉద్యోగమంటే ఆవిడకు ప్రాణం. మా ఇంట్లో ఆవిడకంటూ ఉన్నది అదొక్కటే.

నెలాఖరు రోజు మధ్యాహ్నం వదిన ముందున్న తెర మీద ఒక నంబరు వెలిగింది. అది మా అన్నయ్యది.

అన్నయ్య ఆ రోజు సెలవు పెట్టి, జన్మలో మొదటిసారి వాషింగ్ మెషిన్ ముందు నిలబడ్డాడు. ఫిర్యాదు భార్య ఆఫీసుకే పోతుందని తెలియదా అంటారా? ఆయన దృష్టిలో ఆవిడది 'ఏదో ఫోన్ల ఉద్యోగం'. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. పోనీ గొంతైనా గుర్తుపట్టడా? గుర్తుండిపోయేంత సేపు ఆయన ఆ గొంతు విన్నదెప్పుడు?

రికార్డయ్యే లైనులో సొంత మాటలు నిషేధం. వదిన అద్దంలో నవ్వు సర్దుకుంది.

"నమస్కారం సార్. ఏజెంట్ నలభై రెండు మాట్లాడుతున్నాను."

"ఏం మాట్లాడతావమ్మా? మీ మెషిన్ చచ్చింది. నీళ్ళే రావట్లేదు."

"క్షమించండి సార్. వెనకున్న కుళాయి తిప్పారా?"

"నాకే నేర్పుతున్నావా? పదేళ్ళ నుంచి ఈ మెషిన్ నేనే వాడుతున్నా. మీ ఇంట్లోవాళ్ళు నీకు మర్యాద నేర్పలేదా?"

ఆ మెషిన్ కొని నాలుగేళ్ళు.

"ఇంటికి వెళ్ళాక తప్పకుండా కనుక్కుంటాను సార్."

చిరునామా అడిగితే ఆయన ఇంటి నంబరు తప్పు చెప్పాడు. వదిన సరైనదే టైపు చేసింది. మెషిన్ వెనక ఎడమ చేతి వైపు నీలం కుళాయి ఉంటుందని, కుడి వైపుది తిప్పొద్దని విడమరిచి చెప్పింది. నీళ్ళ చప్పుడు వినిపించింది. "ఇదేదో ముందే ఏడవచ్చుగా" అని అన్నయ్య ఒక అంకె నొక్కి పెట్టేశాడు. అది ఎంతో మర్నాడు గానీ తెలియదు.

సాయంత్రం వదిన ఇంటికి రాగానే అన్నయ్య సోఫాలో కాళ్ళు బారజాపి గొప్పలు మొదలుపెట్టాడు.

"ఇవాళ ఒకమ్మాయిని ఫోనులో దులిపేశాను. నేనెంత అరిచినా పాపం ఒక్క మాట తూలలేదు. ముచ్చటేసి ఐదుకు ఐదు నొక్కాను. నువ్వూ ఉన్నావు. అలాంటివాళ్ళను చూసి నేర్చుకో."

ఉద్యోగం నిలిచిందని వదినకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది.

"ఆ నలభై రెండు నేనేనండీ."

అన్నయ్య బారజాపిన కాళ్ళు ముడుచుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుని నేను సంతోషించాను.

"అయితే ఆ ఐదు ఇప్పుడు మార్చుకోవచ్చా?" అన్నాడు.

అయ్యా, అమ్మా, అరిచే కస్టమర్లను నేనెందుకు పొగుడుతున్నానో ఇప్పుడైనా అర్థమైందా? వాళ్ళు కనీసం ఫోన్ పెట్టేస్తారు.