పాండుగారూ, కొంచెం దారిస్తారా

ఆదివారం పొద్దున్నే శేఖర్ పళ్లెంలో యుద్ధం పరిచాడు. కొబ్బరి చట్నీ బురద. అందులో వేలితో గీసిన గీత కాలువ గట్టు. మూడు ఇడ్లీలు అతని జట్టు, నాలుగోది ప్రత్యర్థి అరుణ్‌కుమార్. శంషాబాద్‌లో సిమెంటు దుకాణం నడుపుకునే మనిషికి పళ్లెంలో యుద్ధమెందుకంటే, నలభై అయిదు దాటినవాళ్ల బురద సైకిల్ పందెం ఆ రోజే. పొలాల్లో, బురదలో తొక్కాలి. చెక్కలు అడ్డం వచ్చినచోట దిగి సైకిల్‌ను భుజాన వేసుకుని పరిగెత్తాలి. మోకాళ్లకు మందు రాసుకునే వయసులో ఇదంతా ఎవరు చేయమన్నారని అడిగితే శేఖర్‌కు కోపం వస్తుంది. అడగకపోయినా వస్తుంది.

పోయినేడు చేతికందిన గెలుపు పాండు వల్ల జారిపోయింది. పాండు అతనికి బడి రోజుల నుంచి స్నేహితుడు. బర్రెల్ని పెట్టుకుని జల్‌పల్లి దాకా పాలు పోస్తాడు. కాలువ గట్టు మీద ఒక్క సైకిలే పడుతుంది కాబట్టి, అక్కడ పాండు నెమ్మదిగా తొక్కుతూ వెనకవాళ్లను నిలవేయాలి, ఈలోగా శేఖర్ దూరమైపోవాలి. నెమ్మదిగా తొక్కడం తప్పని ఏ నిబంధనలోనూ లేదు. అంతా అనుకున్నట్టే జరుగుతుండగా వెనక నుంచి అరుణ్‌కుమార్, "పాండుగారూ, కొంచెం దారిస్తారా అండీ?" అన్నాడు. ఆయన రాజేంద్రనగర్‌లో ఉండే రిటైర్డ్ లెక్చరర్, కోస్తా మనిషి, కుక్కను కూడా మీరు అనే రకం. పుట్టిన నాటి నుంచి ఎవరూ గారు అనని పాండు కరిగిపోయి, సైకిల్ దిగి, దారిచ్చి, నమస్కారం కూడా పెట్టాడు.

అది తలచుకుంటే శేఖర్‌కు ఏడాది తర్వాత కూడా చట్నీ గొంతు దిగడం లేదు.

"ఈసారి ఎవ్వడు గారు అన్నా జరగొద్దు," అన్నాడు, ఎదురుగా కూర్చున్న పాండుతో. "మర్యాదగ మాట్లాడిండంటే వాడు దొంగ అని సమజ్ చేస్కో. నేనే శేఖర్‌ని అన్నా జరగొద్దు. నా పేరు చెప్పి కూడ మోసం జేస్తరు."

పాండు సరేనంటూ దగ్గర్లో ఉన్న ఇడ్లీ తినేశాడు. అది శేఖర్. తనను తానే తినేసిన జట్టును చూసి శేఖర్ పెట్టిన కేకకు పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.

మూడోవాడు మొహసిన్, ఏసీలు బాగుచేస్తాడు. ఎవరిదో పెళ్లి కారులో ఏసీ ఆగిపోతే చూసి ఆలస్యంగా వచ్చాడు. పందెం మొదట్లో అతను పిచ్చిపట్టినవాడిలా దూసుకుపోవాలి, అతన్ని వెంటాడి అరుణ్‌కుమార్ అలసిపోవాలి, అదే అతని పని. ఆ సంగతి చెప్పి ఊరుకోవచ్చు కదా. శేఖర్ ఊరుకోడు. అతని ఏసీలను, అతని గడియారాన్ని, పెళ్లి చేసుకుంటున్న పిల్లవాణ్ణి కూడా కలిపి తిట్టి, "పందెం అయ్యేదాక నీ మొఖం నాకు చూపియ్యకు," అన్నాడు.

"ఠీక్ హై భాయ్, చూపియ్య," అన్నాడు మొహసిన్. అతనికి నిజంగానే మనసు నొచ్చుకుంది.

పందెం తుక్కుగూడ వైపు ఒక ప్లాట్ల వెంచర్‌లో. పెద్ద కమాను, దానికి ఒక ఇంగ్లిషు పేరు, లోపల హద్దు రాళ్లు, ఒక కాలువ తప్ప ఏమీ ఉండవు. బురద కోసం క్లబ్బువాళ్లు నీళ్ల ట్యాంకర్ పిలిపించారు. డ్రైవర్ మలుపుల దగ్గర పద్ధతిగా తడుపుకుంటూ వస్తున్నాడు. శేఖర్‌కు అది నచ్చలేదు. పెళ్లిలో పన్నీరు చల్లుతున్నావా, ఇది బురదా అని అందరి ముందూ గొంతు చించుకున్నాడు. డ్రైవర్‌కూ కోపం ఉంటుంది. కాలువ గట్టు పక్కన వాల్వు పూర్తిగా తిప్పి, "తీస్కో, నీకు కావాల్సినంత బురద," అని టీ తాగడానికి పోయాడు. ట్యాంకరంతా ఖాళీ అయింది. ఎర్రమట్టి చట్నీ అయింది. అతని వెనక పరిగెడుతూ అరిచిన అరుపులతో శేఖర్ గొంతు కూడా పూర్తిగా పోయింది.

అదంతా అతని భార్య మంజుల, జనం దారికి అడ్డం రాకుండా కట్టిన తాడు దగ్గర నిలబడి చూసింది. నలుగురిలో ఆమెకు తల కొట్టేసినట్టయింది. దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "ఇగ ఒక్క తిట్టు నీ నోట్లకెళ్లి వచ్చిందా, ఈ సైకిల్ పాత సామాన్లోనికి ఇచ్చేస్త. నేను ఆ గట్టు కాడనే నిలవడ్త."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. ఇంట్లో నడక మిషన్ ఉండేది. ఇప్పుడు లేదు. ఆ సైకిల్ కోసం శేఖర్ ఎన్ని పండగలకు కొత్త బట్టలు మానుకున్నాడో అతనికి తెలుసు. నోరు కుట్టేసుకున్నాడు.

పందెం మొదలైంది. మొహసిన్ చెప్పినట్టే దూసుకుపోయాడు. అరుణ్‌కుమార్ వెంటాడాడు. శేఖర్ అందరికంటే తెలివిగా వెనక కాచుకుని, చివరి చుట్టులో ముందుకు దూకి, తాను అడిగి పోయించుకున్న బురదలో తానే బోర్లా పడ్డాడు. లేచేసరికి హెల్మెట్ నుంచి బూట్ల దాకా ఎర్రమట్టి. చొక్కా రంగు లేదు, నంబరు లేదు, మొహం అసలే లేదు. అది చూడని పాండు ఈలోగా ముందుకు పోయి గట్టెక్కాడు. శేఖర్ అతని వెనక చేరాడు. శేఖర్ వెనకే అరుణ్‌కుమార్.

పాండు తన పని మొదలుపెట్టాడు. అంత నెమ్మదిగా అతని బర్రెలు కూడా నడవవు.

"పాండూ, నేనురా," అన్నాడు శేఖర్. పోయిన గొంతులోంచి ఆ మాట ఎవరిదో మాటలా వచ్చింది. పాండు నవ్వుకున్నాడు. తల తిప్పితే కాలువలో పడతాడు కాబట్టి వెనక్కి చూడలేదు. శేఖర్‌కు నరాలు చిట్లుతున్నాయి. నాలుక చివర పది తిట్లు తోసుకుంటున్నాయి. ఒక్కటి వదిలితే చాలు, పాండు పక్కకు జరుగుతాడు. కానీ తాడు దగ్గర మంజుల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అప్పుడతనికి పోయినేడు పనిచేసిన మంత్రం గుర్తొచ్చింది. కోపాన్నంతా మింగి, జన్మలో మొదటిసారి అన్నాడు.

"పాండుగారూ, కొంచెం దారిస్తారా?"

పాండు వెన్ను నిటారుగా అయింది. "దొరికినవ్. మా శేఖరన్న నిన్ను గురించి పొద్దుగాల్నే చెప్పిండు."

వెనక నుంచి అరుణ్‌కుమార్ ఇదంతా విన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాడు, పాఠం నేర్చుకోవడం కూడా తెలుసు. గొంతు సవరించుకుని, జీవితంలో ఎన్నడూ అనని మాటలు అన్నాడు. "ఏందిరా పాండు, బర్రె లెక్క అడ్డం పడ్డవ్! జరుగు!"

పాండుకు ప్రాణం లేచొచ్చింది. ఇదే, ఇదే తన స్నేహితుడి పలుకు. "వచ్చినవా అన్నా! నువ్వు పో, ఈ దొంగను నేను పట్టుకున్న," అంటూ సైకిల్ వదిలేసి, వెనక్కి తిరిగి, బురద ముద్దలా ఉన్న మనిషిని గట్టిగా కావలించుకున్నాడు. ఇద్దరూ కాలువలో పడ్డారు. అరుణ్‌కుమార్ సైకిల్‌ను భుజాన వేసుకుని పాండు సైకిల్ దాటుకుంటూ, "క్షమించండి శేఖర్‌గారూ, మీ భాష వాడుకున్నాను," అని వెళ్లిపోయాడు.

కాలువ నీళ్లకు మట్టి కరిగి, లోపలి నుంచి శేఖర్ మొహం బయటపడింది. పాండు బిత్తరపోయాడు. ఇద్దరూ నడుములోతు నీళ్లలో లేచి నిలబడ్డారు.

"నువ్వయితే నన్ను గారు అంటవా అన్నా?" అన్నాడు పాండు. నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు, ఉన్న మాటే అడిగాడు. శేఖర్‌కు కోపం రావాలి. దానికి బదులు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎందుకో అతనికి తెలుసు. మొహం నిండా నీళ్లే కాబట్టి పాండుకు తెలియలేదు.

వాళ్లు సైకిళ్లు మోసుకుని ముగింపు దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు. అరుణ్‌కుమార్ గెలిచాడనుకున్నారు. ఆయన రెండోవాడు. మొదట్లో దూసుకుపోయిన మొహసిన్‌ను అందరూ మరిచిపోయారు. శేఖర్‌కు మొహం చూపించకుండా ఉండాలంటే ముందుండడం తప్ప దారిలేదని అతను చివరిదాకా వెనక్కి తిరగలేదు. కప్పు పట్టుకుని కూడా శేఖర్‌కు వీపు పెట్టే నిలబడ్డాడు.

క్లబ్బు అధ్యక్షురాలు మాధవీలతకు అరుణ్‌కుమార్ ఫిర్యాదు చేయలేదు. చేసినా లాభం లేదు. ఎదుటి జట్టువాణ్ణి పట్టుకుంటే తప్పు గానీ, సొంత కెప్టెన్‌ను కావలించుకోకూడదని నిబంధన లేదు. పైగా ఆమె మైకులో, తన గెలుపు వదులుకుని కాలువలో దిగి ప్రత్యర్థిని ఆలస్యం చేసిన కెప్టెన్‌ను, ఒక్క పరుష వాక్యం పలకని అతని శాంతాన్ని మెచ్చుకుని శాలువా కప్పింది. మంజుల గర్వంగా చప్పట్లు కొట్టింది. సైకిల్ దక్కింది. శాలువా కింద శేఖర్ పళ్లు కొరుక్కుంటూ, మొహసిన్ వీపుతో, "ముబారక్ భాయ్, ఇటు తిరుగు," అన్నాడు.

ఆ రోజు నుంచి శేఖర్ పాండుకు ఫోన్ చేసినప్పుడల్లా మర్యాదగానే మాట్లాడుతున్నాడు. పాండు రాంగ్ నంబరని పెట్టేస్తున్నాడు.