ఉప్పు రెండో పేజీలో ఉంది

నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. ముఖ్యంగా శంకర్ నవ్వకూడదు. ఆఫీసులో నా పక్క సీటు వాడే కదా, మీకందరికీ తెలుసు. వీడికి తెలియని విషయం లేదు, తెలిసిన విషయం ఏదీ పూర్తిగా తెలియదు. ఈ కథలో సగం పాపం వీడిదే.

మా ఆవిడ కన్నాంబకు ఒక వెబ్‌సైటు ఉంది. పేరు ‘కన్నాంబ పచ్చళ్లు’. ఆమె తెలుగులో రాస్తుంది, మా అమ్మాయి లయ దాన్ని తమిళంలోకి కూడా మార్చి అదే పేజీలో పెడుతుంది. నాలుగు తరాలుగా మద్రాసులో ఉంటున్న కుటుంబం మాది. మా చుట్టాల పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవమంటే తమిళమే కావాలంటారు. తన తల్లి చేతి పచ్చళ్లు ఆ పిల్లల దాకా చేరాలని కన్నాంబ ఆశ. ఆరు నెలల్లో అరవై మూడు పచ్చళ్లు రాసింది.

ఒక ఆదివారం మాధవరంలో మా మరదలి ఇంటికి వెళ్లాం. మరదలి కూతురు నేహ, “పెద్దమ్మ సైటు చూపిస్తా ఉండండి” అని అందరి ముందూ ఫోన్లో దోసకాయ పచ్చడి అని కొట్టింది. ఎవరెవరి పచ్చళ్లో వచ్చాయి. నేహ వేలితో తోసుకుంటూ పోయింది. మాది తొమ్మిదో పేజీలో దొరికింది. అప్పటికి అందరూ కాఫీలు తాగేసి వేరే మాటల్లో పడ్డారు.

తిరుగు బస్సు మైలాపూరు చేరింది. దిగే ముందు కన్నాంబ అంది:

“తొమ్మిదో పేజీకి ఎవరొస్తారండీ? ఈ నెలాఖరుకి మూసేస్తాను.”

“మూసేదెందుకే? నేనుండాను గదా!”

“అదే నా భయం.”

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం చివుక్కుమంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె తనకోసం అడిగి పెట్టించుకున్నది ఆ సైటొక్కటే. దాన్ని ఎలాగైనా మొదటి పేజీకి ఎక్కించాలని అక్కడే నిర్ణయించుకున్నాను. ఆమెకు చెప్పకుండా చేసి మెప్పు పొందాలని కూడా నిర్ణయించుకున్నాను, తప్పు అక్కడే మొదలైంది.

మొదటి పథకం సులువు. రోజూ ఆఫీసుకు చేరగానే ఫోను తీసి అరవై మూడు పేజీలూ ఒక్కొక్కటే తెరిచి మూసేవాణ్ని. జనం ఎగబడి వస్తున్నారనుకుని సెర్చ్ దానంతటదే పైకి తోస్తుందని నా అంచనా. నా బొటనవేలు వాచింది. రెండు వారాల్లో సైటు పదకొండో పేజీకి దిగింది.

అప్పుడు శంకర్ దగ్గరికి వెళ్లాను.

“ఒరేయ్ రంగనాథం, ఎంతమంది వొచ్చినారనేది కాదురా, ఎంతసేపు కూచున్నారనేది ముఖ్యం” అన్నాడు వీడు. “వొచ్చినోడు వొచ్చినట్టే ఎగిరిపోతే దాన్ని బౌన్స్ అంటారు. ఆడ్నించి పోయి ఇంకో సైటు నొక్కినాడనుకో, ఈడ సరుకు లేదని సెర్చ్‌కి అర్థమైపోతుంది.”

“అయితే పోనీకుండా పట్టుకోవాల?”

“కరెక్ట్. పట్టుకో.”

పట్టుకున్నాను. సైటు పాస్‌వర్డు చీటీ మా ఫ్రిజ్ మీదే అంటించి ఉంటుంది. దోసకాయ పచ్చడి పేజీ తెరిచి, చేసే విధానాన్ని అట్టడుగుకి తోసేశాను. దాని పైన మా వంశచరిత్ర తొమ్మిది పేరాలు రాశాను. మా ముత్తాత వెంకటాచలపతి నెల్లూరు నుంచి బకింగ్‌హామ్ కాలువలో పడవెక్కి బయల్దేరతాడు. ఐదో పేరాకి కూడా మద్రాసు చేరడు. ఇక ఉప్పు దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ‘ఉప్పు ఎంత వేయాలో రెండో పేజీలో చూడండి’ అని పెట్టాను. రెండో పేజీకి వెళ్తే తాళింపు మూడో పేజీలో ఉంటుంది.

వారం తిరక్కుండా ఇరవై సెకన్లు నిలబడే జనం ఆరు నిమిషాలు నిలబడ్డారు. అంతకుముందు ఆ పేజీ కింద ఒక్క కామెంటు ఉండేది కాదు, ఇప్పుడు నలభై ఒకటి. వాటిలో ఏముందో నేను చూడలేదు, అంకె చూసుకుని మురిసిపోయాను. ఆ రోజు క్యాంటీన్లో శంకర్‌కి రెండు ప్లేట్లు బజ్జీ పెట్టించాను. ఇప్పుడు తలదించుకున్నాడు చూడండి, గుర్తుంది వీడికి.

శనివారం పొద్దున తలుపు దబదబ మోగింది. పై ఇంటి జెబ. తమిళావిడే, కన్నాంబ దగ్గర తెలుగు నేర్చుకుంది. చేతిలో పొగలు కక్కుతున్న బాణలి.

“అక్కా! ఉప్పు ఎంగే?”

“ఏం ఉప్పు జెబా?”

“మీ సైటులో ఉప్పు! ఎక్కడ పెట్టినారు? మీ ముత్తాత పడవ దిగేలోపల నా తాళింపు కరుగిపోచ్చు!”

తమిళంలో కరుగడమంటే మాడిపోవడం. నాలుగు తరాల మద్రాసువాణ్ని, నాకు తెలియక కాదు. అయినా తప్పించుకునే ఆశతో, “కరిగితే మంచిదే గదమ్మా, నెయ్యి కరగాల్సిందే” అన్నాను. జెబ బాణలి వంచి చూపించింది. ఆవాలేవో మినప్పప్పేదో తేడా తెలియడం లేదు.

“ఏ ముత్తాత?” అంది కన్నాంబ. “నేను ముత్తాత సంగతి రాయలేదే.” ఆ తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

లయని పిలిచి కంప్యూటర్ తెరిపించింది. ఇద్దరూ నలభై ఒక్క కామెంట్లూ చదివారు. సగం ‘ఉప్పు ఎంత?’ అనే. ఒకాయన ‘మీ ముత్తాత క్షేమంగా చేరారా?’ అని అడిగాడు. మిగతావన్నీ తమిళంలో ‘తైరు ఎంగే?’, అంటే పెరుగేదీ అని.

“నాన్నా, ఇప్పుడు పద్నాలుగో పేజీలో ఉండాము” అంది లయ. “ఆరు నిమిషాలు వాళ్లు చదవలేదప్పా, ఉప్పు వెతుక్కున్నారు. దొరక్క విసుగెత్తి వేరే సైటుకి పోయినారు. ఇంకోటి చూడు. రోజూ తొమ్మిదింపావుకి ఒకే ఫోను. ఈ పాత మోడల్ చెన్నైలో ఇంకెవరి దగ్గరా ఉండదు. అరవై మూడు పేజీలు, పేజీకి మూడు సెకన్లు. దీంతో ర్యాంకు పెరగదు, తగ్గదు. మా లెక్కలు మాత్రం పాడైనాయి.”

కన్నాంబ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“అరవై మూడు తెరిచినారు. ఒకటన్నా చదివినారా?”

“చదవాలనే అనుకున్నా...”

“ఊరూ పేరూ తెలీనోళ్లు ఇరవై సెకన్లు నిలబడినారండీ. మీరు మూడు.”

ఆలోచిస్తే ఇంట్లోనూ నా వరస అంతే. ‘ఏమే, ఒంట్లో ఎలా ఉంది?’ అని అడిగి, ఆమె చెప్పేలోపు పేపరు తీసుకుని హాల్లోకి పోతాను. అడిగాను కదా అని తృప్తి పడతాను.

ఆమె మాత్రం కామెంట్ల దగ్గరే కూర్చుంది. కాసేపటికి, “లయా, దోసకాయ పచ్చడిని తమిళంలో ఏమని పెట్టినావు?” అని అడిగింది.

“వెళ్లరిక్కాయ్ పచ్చడి.”

పక్కనే ఉన్న జెబ పకపకా నవ్వింది. తమిళుల పచ్చడంటే పెరుగులో ముక్కలు కలిపేది. కన్నాంబ తల కొట్టుకుంది. “పెరుగు కోసం వొచ్చినోళ్ల ముందర ఎండుమిరపకాయలు పెడితే నిలబడతారా? పారిపోయినోళ్లది తప్పు కాదు.”

మా ముత్తాతను పడవతో సహా తీసేసింది. పైన ఒక్క ముక్క రాసింది: ‘ఇది పెరుగు పచ్చడి కాదు, వేడన్నంలో కలుపుకునేది. పెరుగుది కావాలంటే ఇక్కడ నొక్కండి.’ ఆ పెరుగు పచ్చడి జెబ చెబితే కన్నాంబ రాసింది. ఉప్పు రెండో వరసలోకి వచ్చింది. ఇప్పుడు జనం మూడు నిమిషాలే ఉంటున్నారు గానీ, ఇంకో సైటు వెతుక్కోవడం లేదు. చేసుకుని తిని, మళ్లీ వచ్చి ఎలా కుదిరిందో చెబుతున్నారు. రెండు నెలలకు దోసకాయ పచ్చడి మొదటి పేజీలో ఏడోది అయింది. మూసేసే మాట కన్నాంబ మళ్లీ ఎత్తలేదు.

“చూసినావా, మనిద్దరి కష్టం!” అన్నాను.

“మీ కష్టమేంది?”

“నేను ఉప్పు దాచకపోతే ఆ కామెంట్లు వొచ్చేవా? పెరుగు సంగతి తెలిసేదా?”

ఆమె నవ్వేసింది. నన్ను క్షమించిందనే అనుకున్నాను.

మొన్న ఆదివారం లయ అంది: “నాన్నా, సైటులో జనం అన్నిటికన్నా ఎక్కువసేపు ఉండే పేజీ ఏదో తెలుసా? నీది.”

“నాకో పేజీ ఉందా?”

“మొదటి నెల నుంచీ ఉంది.”

బాల్కనీలో కూర్చుని తెరిచాను. ‘మా ఆయన చేసిన గోంగూర పచ్చడి.’ ఆమెకు జ్వరమొచ్చిన రోజు నేను వంటకు దిగిన వృత్తాంతం. మిక్సీకి మూత పెట్టకుండా తిప్పడం, పచ్చడి పంకా రెక్కలకు అంటుకోవడం, ‘ఈ పంకా ఎప్పుడు తుడిచినావే?’ అని నేను ఆమెనే గద్దించడం, అన్నీ ఉన్నాయి. చివర ఇలా ఉంది: ‘ఆకులతో పాటు కాడలు కూడా రుబ్బేసినారు. నోటి నిండా నార. అయినా బాగుందని చెప్పి తిన్నాను. ఆ మొహంలో సంతోషం చూసి రెండోసారి కూడా పెట్టించుకున్నాను.’

కింద రెండొందల పన్నెండు కామెంట్లు. అన్నీ నవ్వులే. ఊరంతా నా గురించి చదివింది, నేను తప్ప. సిగ్గేసింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, అది గోంగూర వల్ల కాదు.

ఊరుకోలేకపోయాను. కేశవ్, తిరువొత్తియూరు అని దొంగపేరు పెట్టి రాశాను: ‘అమ్మగారూ, సదరు భర్తగారు సజ్జనులని మా అభిప్రాయము. వారి యందు దయయుంచ ప్రార్థన.’

రెండు నిమిషాల్లో వంటింట్లోంచి జవాబు వచ్చింది, ఫోన్లోనే.

‘కేశవ్ గారికి నమస్కారం. సదరు భర్త మంచివాడే. చదవడమే కొంచెం ఆలస్యం. కాఫీ కలిపినాను, చల్లారిపోయేలోపల బాల్కనీలోంచి లేచి రమ్మని చెప్పండి.’