మిగిలిన నాలుగు శాతం

నూటికి తొంభై ఆరు గింజలను చెప్పిన చోటే వేసే యంత్రం ఇంటికి రావడం ఆడవాళ్ల అదృష్టమని నా దృఢమైన అభిప్రాయం. ఒప్పుకోని వాళ్లు మా ఇంటికొచ్చి చూడొచ్చు.

ప్రస్తుతం ఇక్కడ నడుస్తున్న గొడవ నా పౌడర్ డబ్బా గురించి.

“మొత్తం గింజల్లో ఒంపేశారా?” అన్నాను.

“మొక్కజొన్న గింజలు ఒకదానికొకటి అంటుకోకూడదు కదే,” అన్నారు మా ఆయన.

“వాటికి వాసన కూడా కావాలట్రా?” అంది అత్తగారు.

ట్రాక్టర్ వెనక తగిలించే ఈ యంత్రం సామాన్యమైంది కాదు మరి. ఫ్యాన్ గాలిని లాగుతుంది, దాన్నే వ్యాక్యూమ్ అంటారట. గుండ్రటి ప్లేటులో ఒక్కో చిల్లుకు ఒక్కో గింజ అతుక్కుని, ఎనిమిది అంగుళాలకొకటి చొప్పున నేలలోకి జారుతుంది. అది వచ్చాక మా ఆయనకు కొలతలంటే ఎంత భక్తో! నా కుట్టుమిషను టేపు పట్టుకెళ్లి, మట్టి తవ్వి, గింజకూ గింజకూ మధ్య దూరం చూస్తారు. తడి తువ్వాలు మాత్రం ఎక్కడ పడితే అక్కడే. అన్నింటికీ వ్యాక్యూమ్ అమర్చలేం కదా?

మరి మిగిలిన నాలుగు శాతం? అసలు వరం అదే. మొలక రాని చోటల్లా గింజ పెట్టుకుంటూ నేను నడుస్తాను. ఎకరానికి పదమూడు వందల సార్లు వంగి లేస్తాను. ఇంత వ్యాయామం ఊరికే ఎవరికి దొరుకుతుంది? డాక్టరమ్మ నా మోకాళ్లు చూసి, “ఇక వంగారంటే మంచమే,” అంది. పాపం, ఆవిడకు ఆధునిక వ్యవసాయం తెలియదు.

వంగితే జ్ఞానమూ వస్తుంది. కింది చేలో బురద వైపు ఖాళీలు లేనే లేవు. రోడ్డు వైపు మాత్రం పళ్లూడిన దువ్వెనలా ఉంది.

“అటు గాలెక్కువ,” అన్నారాయన.

“రోడ్డు మీద ఎవరైనా కనిపిస్తే నాన్న ట్రాక్టర్ని బస్సులా తోలతాడు,” అంది అమ్మాయి.

యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో, వేగం పెరిగితే గింజ తప్పుతుందని మూడో పేజీలోనే ఉంది. దాని ప్లాస్టిక్ కవరు విప్పింది నేనే. రోజూ ట్రాక్టర్ని వెనక్కి నడిపి షెడ్డులో పెట్టేదీ నేనే. ఆయన పెడితే గోడ ఒప్పుకోదు.

ఇంత వరాన్ని ఒక్కదాన్నే అనుభవించడం న్యాయం కాదనిపించింది. రాత్రి భోజనాలయ్యాక, కంచాలు తీస్తూ అందరికీ వినపడేలా చెప్పాను.

“రేపు పై చేలో ట్రాక్టర్ నేను నడుపుతాను. మెల్లగా. మొలిచాక ఖాళీలుంటే ఆయన నింపుతారు.”