గోడకు తగలని బండి

మా దినేష్ పొద్దంతా ట్రాక్టరు తోలి ఇంటికొస్తాడు. వచ్చి, అలసట తీరడానికి మళ్ళీ స్టీరింగు పట్టుకుంటాడు. అలాంటి కొడుకును కన్నతల్లిని నేను. ఎవరితో చెప్పుకోను, మీతో తప్ప?

ఆ రెండో స్టీరింగు ఇచ్చింది సలహాల తారాచంద్. బాన్సువాడ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఉల్లిగడ్డలు కొనేవాళ్ళకు ఎలా ఏడవాలో కూడా చెప్పే మనిషి. తన పాత కంప్యూటరు, అందులో అమెరికా రోడ్ల మీద సాగే కార్ల రేసు ఆట, స్టీరింగు, కాళ్ళ కింద పెట్టుకునే బ్రేకూ అన్నీ వాడుకోమని ఇచ్చేశాడు. దినేష్ వాటిని మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బల్లకు బిగించాడు.

ఆ బల్ల నా కోడలు వైశాలిది. దాని మీదే జాకెట్లు కత్తిరిస్తుంది.

"ఏందయ్యా ఇది? ఇగ నేను బట్ట యాడ పరవాలె, నీ నెత్తి మీదనా?"

"జర ఓపిక పట్టవే. గిది ఉత్త ఆట కాదు. అసలు కారు లెక్కనే ఉంటది. మస్తు కష్టం."

"కష్టమే కావాల్నంటే నన్నడుగు. పెండ్లిళ్ల జాకెట్లు గుట్ట పడ్డయి, హుక్కులు కుట్టు."

ఆట కష్టమన్న మాట మాత్రం నిజం. బ్రేకు కాస్త గట్టిగా తొక్కితే చాలు, ఇల్లు గుర్తొచ్చిన బర్రెలా కారు వెనక్కి తిరిగిపోతుంది. అందుకని కొత్తవాళ్ళకు పనికొచ్చే సలహాలన్నీ తారాచంద్ తెలుగులో రాసి ఫోనుకు పంపాడు. దినేష్ చేతులు రెండూ స్టీరింగు మీద, కళ్ళు రెండూ తెర మీద. మరి చదివేదెవరు? ఆ ఉద్యోగం నాకొచ్చింది.

మా ఆయన పోయాక నేనొక మూలన కూర్చుంటే, వైశాలి నన్ను ఆ బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. బట్టల మీద గీతలు గీసే సుద్దతో బల్ల మీదే అక్షరాలు రాసి నేర్పింది. అంతవరకూ నాకు బస్సు పైన బోర్డు కూడా పక్కవాళ్ళు చెబితేనే తెలిసేది. అలాంటిది, నా కొడుకు నన్ను చదవమని అడిగాడు! కళ్ళద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాను.

"మొదటి ముక్క వదిలెయ్ అమ్మా. అది చిన్నపిల్లలకు. రెండోది చదువు," అన్నాడు.

"మ... లు... పు... కు... ముం... దే..."

ధడేల్!

"ఏమైందిరా?"

"మలుపు అయిపోయిందమ్మా."

"ఉండు, ఇంకా ఉన్నది. బ్రే... కు..."

"గోడకు గుద్దినంక బ్రేకు ఎందుకే! జర జోరుగ చదువు!"

"నువ్వే మెల్లగ తోలు బిడ్డా!"

వంటింట్లోంచి, గరిటె కింద పడేంతగా వైశాలి నవ్వు వినిపించింది.

తర్వాతి సలహా: రోడ్డు మొత్తం వాడుకోవాలి, మలుపుకు ముందు బయటి అంచుకు పోయి, లోపలి అంచుకు రావాలి. అది మా వాడికి చేతకాలేదు. మా దగ్గర కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. మిగిలిన సగంలోనే తోలి తోలి, ఆటలో కూడా వాడు సగం రోడ్డు వదిలేసి పోతాడు.

"ఆ పక్కకు పోవేందయ్యా? అమెరికోల్లు గూడ వడ్లు ఆరబోసిండ్రా?" అంది వైశాలి.

అంతేనా, వెనక నుంచి ఏ కారొచ్చినా పక్కకు జరిగి దారిస్తాడు. అంత మర్యాదస్తుడు రేసులో ఆఖరున రాక ఏం చేస్తాడు?

వైశాలి నేల మీద వంగి బట్ట కత్తిరించీ కత్తిరించీ నడుము పట్టుకుంది. ఒకరోజు ఇక ఊరుకోలేదు.

"ఇగ బల్ల ఖాళీ చెయ్."

దినేష్ బుర్ర గీరుకుని ఎత్తు వేశాడు. "పందెం పెట్టుకుందాం. ఆదివారం ఇద్దరం తోలుదాం. గోడకు తగలకుంట ఒక్క చుట్టు తిరిగినోళ్లదే బల్ల. ఇద్దరం తగిలితే మాత్రం నాదే. ఓడినోళ్లు నీ జాకెట్లకు హుక్కులు కుట్టాలె."

"సరే," అంది వైశాలి. అంత త్వరగా ఒప్పుకుంటుందని వాడు అనుకోలేదు.

నా చెవిలో గుసగుసలాడాడు. "అమ్మా, ఆమె స్కూటీ గూడ తోలలే. బల్ల మనదే."

"అట్లనా బిడ్డా," అని నేను చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం సాక్షిగా తారాచంద్ వచ్చాడు. కుర్చీలో ఎలా కూర్చోవాలో ముందు నాకు సలహా ఇచ్చి, తర్వాత తను కూర్చున్నాడు. దినేష్ బండి బ్రహ్మాండంగా పోయింది. ఆఖరి మలుపులో చెయ్యి అలవాటు కొద్దీ సగం రోడ్డు వదిలేసింది. ధడేల్!

"వడ్లు బతికినయి. బండే పోయింది," అంటూ వైశాలి కొంగు దోపుకుని కూర్చుంది. "అత్తమ్మా, చదువుండ్రి."

"మ... లు... పు... కు..."

కారు, కొత్తకోడలు గడప దాటినట్టు వచ్చింది. నేను "బ్రేకు నొక్కాలి" అనే సరికి మలుపు దగ్గరికొచ్చింది. నొక్కింది. నేను "మొత్తం" అనే సరికి రోడ్డు మొత్తం వాడుకుంది.

తారాచంద్ ఆవులించాడు. "వదినా, నడుసుకుంట పోయినా ఇంతకన్న ముందు పోతం."

"గోడకు తగలొద్దన్నరు గని, ఉరకమనలే కదన్నా."

గీత దాటింది. ఎక్కడా తగల్లేదు.

దినేష్ నోరు తెరిచాడు. "ఎప్పుడు నేర్సినవే?"

"నువ్వు ట్రాక్టరు ఏసుకొని పోయినంక."

"ఎవలు నేర్పిండ్రు?"

వైశాలి నా వైపు చెయ్యి చూపించింది. నేను మూలనున్న చింతగింజల వైపు చూశాను.

రోజూ మధ్యాహ్నం నేను చదివేదాన్ని, తను తోలేది. మొదట్లో, నా చదువు నీకు అడ్డమవుతుంది బిడ్డా అన్నాను. "ఫికర్ చెయ్యకుండ్రి, నేను ఆగుత," అంది. సుద్దముక్క పట్టుకుని నా ప్రతి అక్షరం దగ్గర ఎలా ఆగిందో, ప్రతి మలుపు దగ్గరా అలాగే ఆగింది. నన్ను తొందరపెట్టని మనిషి ఈ ఇంటికి కోడలై రావడం కంటే నాకు ఇంకేం కావాలి?

ఇంతకీ దినేష్ వదిలెయ్యమన్న మొదటి ముక్క ఏమిటంటారా? "మొదట మెల్లగా తిరగండి. వేగం దానంతటదే వస్తుంది."

ఆ సాయంత్రం దినేష్ వేళ్ళు పొడుచుకుంటూ హుక్కులు కుట్టాడు. వైశాలి బల్ల మీది బట్ట మడతపెట్టి, స్టీరింగును వాడి ముందుకు తోసింది. "రోజూ నా పని అయినంక బిగించుకో, పో."

వాడు స్టీరింగు బిగించి మళ్ళీ కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు.

"అమ్మా, మొదటి ముక్క కాడికెల్లి చదువు. జర మెల్లగ."

"గా ఫికర్ నీకొద్దు బిడ్డా," అన్నాను కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "జోరుగ చదువుడు నాకు ఇంకా రాలే."