ఈశాన్యం పెరిగిన ఇల్లు

సుగుణ ఇంటి చుట్టూ ఊడుస్తూ పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి, ఆ గోడ మూరెడు లోపలికి జరిగింది. ఆమె చీపురు ఆపలేదు. కొత్తగా బయటపడిన ఆ మూరెడు నేలను కూడా ఊడ్చింది. లోపల డబ్బాలు దొర్లిన చప్పుడయింది.

వేములకోన జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన ఊళ్లోని అద్దె ఇళ్లన్నీ ఇలాగే తగ్గుతున్నాయి. అద్దెలు పెంచితే జనం రోడ్డెక్కుతారని, ధర పెరిగినంత మేర ఇల్లే తగ్గేలా పురపాలక సంఘం తీర్మానం చేసింది. తీర్మానం నోటీసు బోర్డు మీద అంటించగానే ఇళ్లు దాన్ని అమలు చేశాయి. మొదట్లో కొందరు గొణిగారు. హోటల్లో ఇడ్లీ అదే ధరకు ఏటేటా చిన్నదవుతుంటే తిని చేతులు కడుక్కుని వచ్చేవాళ్లు, ఇంటి దగ్గర మాత్రం గొడవ పడడం న్యాయం కాదని పెద్దమనుషులు చెప్పారు. ఆలోచిస్తే నిజమేననిపించింది.

తగ్గడానికి ఒక పద్ధతి ఉంది. దక్షిణం గోడ, పడమటి గోడ లోపలికి వస్తాయి. ఈశాన్యం మూల మాత్రం కదలదు. మిగతా ఇల్లు తగ్గేకొద్దీ ఇంట్లో దాని వాటా పెరుగుతుంది. ఈశాన్యం పెరగడం శుభమనీ, అక్కడ బరువు పెట్టకూడదనీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకని ఎవరి ఇంట్లోనూ ఆ మూలలో ఒక రాగి చెంబు, దాని నిండా నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

సుగుణ ఇంట్లో ముగ్గురు. ఆమె, బట్టల కొట్లో పనిచేసే భర్త ఓబులేసు, అతని అక్క నాగరత్న. నాగరత్న పెళ్లి చేసుకోలేదు. కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది, చదివించింది. బీరువా వేసవిలో అమ్మేశారు. మంచం పోయిన నెల పోయింది. నాగరత్న పడమటి గోడ వారన చాప వేసుకుని పడుకునేది. ఈ ఉదయం గోడ ఆ చాపను మడతపెట్టి మిషను కిందికి తోసింది.

పొద్దెక్కాక కొలతల ఉద్యోగి టేపుతో వచ్చాడు. మనిషి పడుకోవడానికి ఇంత, ఒత్తిగిలడానికి ఇంత అని లెక్కవేశాడు. ఈశాన్యాన్ని నిబంధనల ప్రకారం వదిలేశాడు.

"ఇద్దరు," అన్నాడు.

"ముగ్గురం ఉండాము సార్," అంది సుగుణ.

"ఉన్నారమ్మా, కాదన్లేదు. ఇల్లే ఇద్దరికుంది. సాయంత్రం లోపల మూడో మనిషి ఖాళీ చేయాల. లేదంటే ఈసారి గోడ ఎవరి మీదికొచ్చినా మాకు సంబంధం లేదు."

ఇంటి యజమాని రామసుబ్బమ్మ కూడా అతని వెనకే వచ్చింది. ఆమె మంచి మనిషి. వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతుంది.

"ఒక్క రూపాయి అద్దె పెంచినానా? చెప్పు పాపా."

"లేదత్తా."

"మరి? ఈశాన్యం చూడు, ఎట్లా పెరిగిందో! బస్టాండు కాడ బ్రోకర్లంతా ఈ ఇంటి మాటే మాట్లాడుకుంటాండారు. ఉగాదికంతా ఇల్లంతా ఈశాన్యమే అయితాదంట. అప్పుడు దీన్ని కొనేటోడు కొత్తగా పుట్టాల."

"అప్పుడు దీంట్లో ఎవరుంటారత్తా?"

"ఈశాన్యంలో ఎవరన్నా కాపురముంటారా, పిచ్చిదానా!" అని రామసుబ్బమ్మ నవ్వింది. కొలతల ఉద్యోగి కూడా మర్యాదకు నవ్వాడు.

సుగుణ నవ్వలేదు. ఆ మూలను చూసింది. ఇంట్లో నేలంటూ కనిపిస్తున్నది అక్కడొక్కటే.

"వదినా, నీ చాప ఆ మూల వేసుకో. కాళ్లు బారజాపుకోని పడుకోవచ్చు."

కొలతల ఉద్యోగి టేపు చుట్టడం ఆపాడు. రామసుబ్బమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నీకేమన్నా బుద్ధుండాదా?" అన్నాడు ఓబులేసు. "ఆడ బరువు పెడతారా ఎవరన్నా?"

"మీ అక్క బరువా?"

"యాడి మాట యాడికి తీసకపోతావు నువ్వు! కలిసొచ్చే మూల అది."

"ఏం కలిసొచ్చింది? బీరువా పాయె, మంచం పాయె. ఇంగా పెరిగితే నేనూ పోతా."

"ఇప్పుడిప్పుడే గదా పెరగతాండేది. కొంచెం ఓపిక పట్టు."

సుగుణ నాగరత్న వైపు తిరిగింది. ఆమె అయినా ఒక మాట అంటుందనుకుంది. నాగరత్న అందరికంటే ఎక్కువ భయపడిపోయి ఉంది.

"అంత మాట అనగాకు సుగుణా. లెంపలేసుకో. వానికి మంచి కాలం వచ్చే వేళ."

సుగుణ పళ్లు బిగబట్టి లెంపలేసుకుంది.

కొలతల ఉద్యోగి తలుపు మీద సుద్దతో 'ఇద్దరు' అని రాసి పక్కింటికి వెళ్లాడు. ఆ వీధిలోని మూడో మనుషులు, నాలుగో మనుషులు ఇప్పుడు కొత్త కార్యాలయాల ప్రహరీ నీడన ఉంటున్నారు. అది ప్రభుత్వం గోడ కాబట్టి కదలదు. ఆ నీడకు మంచి భవిష్యత్తు ఉందని బ్రోకర్లు అంటున్నారు. పొద్దున పూట నీడకు ఇప్పటికే గిరాకీ వచ్చింది.

మధ్యాహ్నం ముగ్గురూ నిలబడే అన్నం తిన్నారు. మిషను పోతే అక్కడ బియ్యం డబ్బా పడుతుందా అని ఓబులేసు జానతో కొలిచి చూశాడు. అక్క చూస్తోందని గమనించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పడుతుంది.

ఎండ తగ్గాక నాగరత్న రాగి చెంబు చింతపండుతో తోమింది. మంచినీళ్లు నింపి ఈశాన్యంలో పెట్టి, చుట్టూ చీరకొంగుతో తుడిచింది. చాప చంకన పెట్టుకుంది. మిషను తలను నెత్తికెత్తుకుంది.

గుమ్మం ఉత్తరం గోడకే, ఆ మూల పక్కనే ఉంది. మూల మీదుగా నడిస్తే రెండే అడుగులు. నాగరత్న అలా నడవలేదు. ఉత్తరం గోడకు వీపు ఆనించి, మడమలు ఎత్తి, కాలివేలు కూడా అటు తగలకుండా పక్కకు జరుగుతూ జరుగుతూ గుమ్మం చేరి బయటికి వెళ్లిపోయింది.